పదిలో ఏడుసార్లు అవుటైనా గొప్పోడేనా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి కొర్లగుంట. మావాడు చికాగోలో ఉద్యోగం చేస్తాడు. 2024లో జులై, ఆగస్టు రెండు నెలలు వాడి దగ్గరుంటే, ఇంట్లో టీవీ పెడితే చాలు వైట్ సాక్స్ బేస్‌బాల్ మ్యాచ్, పెట్టినప్పుడల్లా ఓటమే, అయినా వాడు ఆ టీమ్ టోపీ తియ్యడు. ఇంకోటి, అక్కడ 0.300 కొట్టేవాడు గొప్ప బ్యాటరంట. పదిలో మూడంటే మన బడిలో ఫెయిలే కదా, ఈ లెక్కేంది?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అన్నా, క్రికెట్ యావరేజ్‌ని పక్కన పెట్టేయండి ముందు. అక్కడ రన్స్ లెక్క కాదు, బ్యాట్ పట్టుకుని నిలబడిన సార్లలో ఎన్నిసార్లు హిట్ కొట్టి బేస్ (మైదానంలో పరుగెత్తి చేరాల్సిన గుర్తు) చేరాడన్నదే లెక్క, వాక్ దొరికినవి, అంటే పిచర్ నాలుగు చెడ్డ బంతులేస్తే ఊరికే దక్కే బేస్, అందులో కలపరు. బంతి విసిరే పిచర్ ఉండేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో, బంతేమో గంటకి 150 కిలోమీటర్లు దాటి వస్తుంది, చేతిలో ఉండేది గుండ్రటి కర్ర, పైగా మనోళ్ళలాగా వెనక్కి గ్లాన్స్ చేస్తే ఫౌల్, అది హిట్ కిందికి రాదు. ఇన్నిటి మధ్య పదిలో మూడు కొట్టడమంటే మామూలు విషయం కాదు.

పదిలో నాలుగంటారా, అక్కడి పెద్ద పోటీలైన అమెరికన్, నేషనల్ లీగుల్లో అది చివరిసారి జరిగింది 1941లో, బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ సాధించాడు. సీజన్ చివరి రోజు పొద్దున ఆయన లెక్క 448 సార్లకి 179 హిట్స్, అంటే 0.39955, రౌండ్ చేస్తే 0.400. మేనేజరు కావాలంటే ఈరోజు ఆడొద్దులే అన్నాడు, కూర్చునుంటే రికార్డు పదిలం. విలియమ్స్ కూర్చోలేదు, ఫిలడెల్ఫియాలో ఆరోజు రెండు మ్యాచ్‌లూ ఆడి 8 సార్లకి 6 హిట్స్ కొట్టి 0.406తో ముగించాడు. మన బ్రాడ్‌మన్ 1948లో ఓవల్‌లో 4 రన్స్ కొడితే యావరేజ్ 100 అయ్యేది, సున్నాకే అవుటై 99.94 దగ్గర ఆగిపోయాడు కదా, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

బ్యాటింగ్ మరీ పడిపోతే రూలే మార్చేస్తారు అక్కడ. 1968లో పిచర్లదే రాజ్యం, బాబ్ గిబ్సన్ 9 ఇన్నింగ్స్‌కి సగటున 1.12 రన్సే ఇచ్చాడు (ఫీల్డర్ల తప్పులవల్ల వచ్చినవి కలపకుండా), అమెరికన్ లీగ్‌లో టాప్ బ్యాటర్ కొట్టింది కూడా 0.301 అంతే. దాంతో మరుసటేడు పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి దించేశారు.

ఇక మీవాడి టీమ్. మీరు సరిగ్గా ఘోరమైన టైములో పోయారన్నా, జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరసగా 21 మ్యాచ్‌లు ఓడిపోయారు వాళ్ళు. 162 మ్యాచ్‌ల సీజన్‌లో మొత్తం 121 ఓటములు, 1900 తర్వాత ఏ టీమూ ఇన్ని ఓడలేదు, 1962 న్యూయార్క్ మెట్స్ 120ని దాటేశారు. అయితే ఎక్కువమంది పట్టించుకోనిది చివరి వారం, 120 ఓడిపోయాక సొంత గ్రౌండ్‌లో ఏంజెల్స్ టీమ్‌ని మూడుకి మూడు మ్యాచ్‌లూ ఓడించారు, తర్వాత డెట్రాయిట్‌లో ఒకటి ఓడి మళ్ళీ రెండు గెలిచారు. ఆఖరి ఆరులో ఐదు గెలుపులు, అదీ పోగొట్టుకోడానికి ఇంకేమీ మిగలని టీమ్! మీవాడు టోపీ తియ్యకపోవడం నాకు చాలా నచ్చింది, వాడికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: పొద్దున్నే పాలు పోసొచ్చి ఫోన్లో లాస్ ఏంజెలెస్ బేస్‌బాల్ టీమ్ డాడ్జర్స్ మ్యాచ్ చూస్తుంటా సార్. అందులో ఆడే ఒహ్తానీది 50–50 అంటారు, అదేంది?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: తమ్ముడూ, ఒకే సీజన్‌లో 50 హోమ్ రన్స్ (మన సిక్సర్‌లాగా బంతిని మైదానం దాటించడం), 50 బేస్ దొంగతనాలు (హిట్ లేకుండానే, పిచర్ బంతి వేసే అదను చూసి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం). బలం ఉన్నోడికి పరుగు ఉండదు, పరుగు ఉన్నోడికి బలం ఉండదు, అందుకే అంతకుముందు ఎవరివల్లా కాలేదు. 2024లో ఒహ్తానీ 54 హోమ్ రన్స్, 59 దొంగతనాలు చేశాడు, మామూలుగా పిచింగ్ కూడా చేసేవాడు, మోచేతి సర్జరీ వల్ల ఆ ఏడాది పిచింగ్ చెయ్యకుండానే. యావరేజ్ 0.310, అంటే ఆయనకీ పదిలో ఏడు తప్పలేదు. సెప్టెంబర్ 19న మయామీలో మ్యాచ్ మొదలయ్యేటప్పటికి 48, 49 దగ్గరున్నాడు. ఆ ఒక్కరోజే 6 సార్లు నిలబడి 6 హిట్స్ కొట్టాడు, అందులో 3 హోమ్ రన్స్, పైగా 2 బేసులు దొంగిలించాడు. మ్యాచ్ అయ్యేసరికి 51, 51.