పత్తి లెక్క రాయబోతున్న చిట్టికి

చిట్టీ,

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తిదారు (రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి) వాడుతున్న మిర్చి ఎక్సెల్ ఫైల్‌కు నువ్వు పత్తి మాడ్యూళ్లు, అంటే కోడ్ ముక్కలు, రాసి కలుపుతున్నావని మీ బాపు నిన్న ఫోన్ చేసి చెప్పాడు. మీ పెద్దమ్మకు ఆ మాట మూడుసార్లు చెప్పాను. మూడోసారి "ఇన్నగని, బువ్వ తిను" అంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తేలిక పనులు నీకు తెలిసినవే. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే కోడ్ రాసే కిటికీ తెరుచుకుంటుంది, అక్కడ ఇన్సర్ట్‌లో మాడ్యూల్ తీసుకో. పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ ఉండాలి, పేర్లు తప్పు రాస్తే అదే పట్టిస్తుంది. మాడ్యూల్‌కూ అందులోని ప్రొసీజర్‌కూ ఒకే పేరు పెట్టకు. సెల్లులో వాడే ఫంక్షన్ షీట్ వెనకాల రాస్తే నేమ్ ఎర్రర్ వస్తుంది, మామూలు మాడ్యూల్‌లోనే రాయి. ఫైల్‌ను ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గానే సేవ్ చెయ్యి, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా చేస్తే కోడంతా పోతుంది.

నా భయమంతా పాత మాడ్యూల్‌ను తెచ్చి కొత్తదాంట్లో కలిపే దగ్గరే.

2003లో విజువల్ బేసిక్ 6లో రెండు ప్రోగ్రాములు రాశాను. ఒకటి పత్తి అడ్తికి, ఇంకోటి మిర్చి అడ్తికి. బరువు లెక్క రెండింటికీ ఒకటే కదా అని, పత్తి ప్రాజెక్టులోని మాడ్యూల్‌ను మిర్చి ప్రాజెక్టులో యాడ్ చేశాను. యాడ్ అంటే కాపీ అనుకున్నాను. కానీ వీబీ6 ఆ ఫైల్ ఎక్కడుందో ఆ దారి మాత్రమే రాసుకుంటుంది. రెండిళ్లకు ఒకటే బావి అన్నమాట. మిర్చి సేటు బస్తాకు కిలో తరుగు తీయమంటే ఆ మాడ్యూల్‌లోనే రాశాను. నెల తర్వాత పత్తి ప్రోగ్రాములో ప్రింటు పక్కకు పోతోందంటే అది సరిచేసి, మళ్లీ కంపైల్ చేసి ఇచ్చాను. మిర్చి తరుగు దాంతోపాటే పత్తిలోకి పోయింది. పత్తికి ఖాళీ సంచుల బరువు కాంటా దగ్గరే తీసేసేవాళ్లు. దాని మీద మళ్లీ కిలో.

రెండో రోజు ఒక రైతు తాను అమ్మిన సరుకు లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ పట్టుకొని వచ్చాడు. బీడీ కట్ట కాగితం వెనక పెన్సిల్‌తో లెక్క వేసుకున్నాడు. "నా పత్తిల 14 కిలోలు ఎటు వోయినయ్ సారూ?" అన్నాడు. 14 బస్తాలు, క్వింటాలు 2,100, అంటే 294 రూపాయలు. కంప్యూటర్ తప్పు చెప్పదు అన్నాడు గుమస్తా. పక్కన నిలబడి నేనూ అదే అన్నాను బిడ్డా. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు.

రాత్రి కోడ్ తెరిచి చూస్తే తెలిసింది. తప్పు పడ్డవి మొత్తం 31 తక్‌పట్టీలు. గీసుగొండ, ఆత్మకూరు, పరకాల వైపు ఊళ్లన్నీ రెండు ఆదివారాలు స్కూటర్ మీద తిరిగి డబ్బులిచ్చాను. బీడీ కాగితం ఆయన ఇంటికే మొదట పోయాను. డబ్బులు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకొని, చాయ్ తాగిపొమ్మన్నాడు. ఒక్కరు మాత్రం దొరకలేదు. ఆ తక్‌పట్టీ, 168 రూపాయలు, ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

నీ ఎక్సెల్‌లో సంగతి తిరగబడి ఉంటుంది. అక్కడ ఇంపోర్ట్ చేస్తే కాపీయే వస్తుంది. ఒకచోట తప్పు దిద్దితే రెండోచోట తప్పు అలాగే ఉంటుంది, డిస్కులో ఉన్న బాస్ ఫైల్ (.bas, మాడ్యూల్‌ను దాచిన ఫైల్) కూడా మారదు. అదే పేరుతో మాడ్యూల్ ముందే ఉంటే, తెచ్చినదాని పేరు చివర 1 తగిలించి పక్కన పెడుతుంది. అప్పుడు ఒకే పేరున్న ఫంక్షన్లు రెండై యాంబిగ్యువస్ నేమ్, అంటే ఈ పేరు ఏదానిదో తేలడం లేదు, అని ఆగిపోతుంది. అలా ఆగితే సంతోషించు. ఆగకుండా తప్పు లెక్క చెప్పేదానికే నాకు భయం.

అందుకే తరుగును కోడ్ లోపల రాయకు. పత్తికి ఎంత, మిర్చికి ఎంత అన్నది షీటులో పెట్టి, అక్కణ్ణుంచి చదివించు. ప్రతి మార్పు తర్వాత పాత తక్‌పట్టీలు పది తీసుకొని చేత్తో లెక్క వేసి చూడు. "పెద్దబాపుకు చాదస్తం" అని నవ్వుతావు, తెలుసు. నవ్వుకుంటూనే చెయ్యి.

సద్దుల బతుకమ్మకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. మీ పెద్దమ్మ మలీద ముద్దలు చేస్తుంది. కాగితం, పెన్సిల్ నేను పెట్టుకొని కూర్చుంటా.

మీ పెద్దబాపు,
హనుమకొండ