చల్లటి బడి కట్టాలంటే సివిల్ చదవాలా, ఆర్కిటెక్చరా?

ప్రశ్న: మాది చీమకుర్తి. తాపీ మేస్త్రిని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎండాకాలం క్లాసులో ఉడికిపోయేవాళ్లమని, పర్యావరణానికి చేటు చేయని చల్లటి బడులు కడతానని అంటోంది. అందరూ ఎంసెట్ రాయించి సివిల్‌లో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మేస్త్రి గారూ, నా ఓటు ఆర్కిటెక్చర్‌కే. కట్టడం నిలబడటానికి ఇనుమెంత, పునాది ఎంత లోతు అన్న లెక్క సివిల్ ఇంజినీరుది. గది ఏ దిక్కుకు తిరగాలి, కిటికీలు ఎక్కడ రావాలి అన్నది ఆర్కిటెక్ట్ తేలుస్తారు. గది చల్లదనం చాలావరకు ఆ మొదటి ప్లాన్‌లోనే ఉంటుంది.

మేడ మీద సోలార్ పలకలు పెట్టేసి హరిత భవనం అనేవాళ్లు చాలామందే ఉన్నారు. పడమటి ఎండంతా గోడకు కొడుతుంటే పలకలు పెట్టి ఏం లాభం? మన ఎండలకు బడి పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు ఉండాలి. పడమట వరండానో, వేపచెట్లో అడ్డుండాలి. అక్టోబరు నుంచి పడే వానను పైకప్పు నుంచి ట్యాంకులోకో, ఇంకుడు గుంతలోకో పంపాలి. ఇక రాట్ ట్రాప్ బాండ్ గోడ గురించి మీరు వినే ఉంటారు. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుకలు దాదాపు 25 శాతం మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఈ పద్ధతిలో చాలా కట్టారు. అన్నట్టు, ఊళ్లోనే గ్రానైట్ ముక్కలు గుట్టలుగా ఉండగా గుజరాత్ మోర్బీ నుంచి లారీల్లో టైల్స్ తెప్పించుకోవడం నాకెప్పుడూ అర్థం కాదు.

ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌కు ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) పనికిరాదు. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా గానీ, జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో సీటుకు పేపర్ 2ఏ ర్యాంకే కావాలి. అందులో 400 మార్కుల్లో 100 బొమ్మలకే కాబట్టి ఇప్పటి నుంచే చెయ్యి తిరగాలి. కోర్సు ఐదేళ్లు. తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైతేనే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవచ్చు.

జీతం సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకుంటే టెన్షనే మిగులుతుంది. బొమ్మలు గీయడమంటే విసుగు, లెక్కలంటే ఇష్టం అంటే మాత్రం సివిలే మేలు. అటు నుంచి కూడా హరిత భవనాల రంగంలోకి రావచ్చు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. సెలవుల్లో వారం రోజులు మీతో పాటు పనికి తీసుకెళ్లండి. ఆడపిల్లకు ఎండలో పనేంటని ఇంట్లో అంటారు, అననివ్వండి. మధ్యాహ్నం రెండింటికి తూర్పు గదిలో, పడమటి గదిలో థర్మామీటర్ పెట్టి రాసుకోమనండి. రెండడుగుల రాట్ ట్రాప్ గోడ తన చేత్తోనే కట్టించండి. నచ్చకపోతే ఆ సాయంత్రానికే మీకు చెప్పేస్తుంది.