రెక్క ఊడలేదమ్మా, విచ్చుకుంది

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికని శంషాబాద్‌లో మొదటిసారి విమానం ఎక్కాను. రెక్క పక్కనే కిటికీ సీటు. దిగే ముందు గుర్‌మని చప్పుడై రెక్క వెనక అంచు కిందికి జారింది. సందులోంచి నేల కనిపించింది. చక్రాలు ఆనగానే రెక్క మీద పలకలు లేచి నిలబడ్డాయి. ఒకటే టెన్షన్! ఎందుకలా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: భయపడాల్సిందేమీ లేదమ్మా. మీరు చూసినవన్నీ కావాలని చేసేవే.

రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. పైన పీడనం తగ్గడం, కింద పెరగడం ఇందులో భాగమే. పైగాలి, కింది గాలి ఒకేసారి వెనక అంచుకు చేరాలని మా కాలేజీ పిల్లలు ఏటా పరీక్షలో రాసేవారు. అలాంటి నియమమేదీ లేదు. పైగాలే ముందు చేరుతుంది.

వేగం సగమైతే ఈ ఎత్తే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పైన గంటకు 800 కి.మీ. దాటి పోయే విమానం, దిగేటప్పుడు 250 దగ్గరికి వస్తుంది. కింద గాలి చిక్కగా ఉండటం కొంత ఆదుకుంటుంది. 35,000 అడుగుల ఎత్తులో గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో మూడో వంతే మరి. ముక్కు పైకెత్తితే ఇంకొంత బలం వస్తుంది. కానీ ఎదురొచ్చే గాలికి రెక్క వాలు సుమారు 15 డిగ్రీలు దాటితే గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది, బలం కుప్పకూలుతుంది. దాన్నే స్టాల్ అంటారు.

అందుకే ఫ్లాప్‌లు, అంటే మీరు చూసిన ఆ వెనక అంచు పలకలు. అవి వెనక్కి, కిందికి జరిగితే రెక్క వెడల్పూ వంపూ పెరుగుతాయి. మీకు కనిపించిన సందుకూ పని ఉంది: కింది గాలి అందులోంచి పైకి దూసుకొచ్చి, ఫ్లాప్ మీది గాలి విడిపోకుండా చూస్తుంది. టేకాఫ్‌లో ఫ్లాప్‌లు తక్కువే దించుతారు. ఎక్కువ దించితే గాలి వెనక్కి లాగుతుంది, వేగం పుంజుకోవడం కష్టం.

నేల తాకాక లేచిన పలకలు స్పాయిలర్లు. అప్పుడు రెక్క విమానాన్ని పైకి ఎత్తకూడదు, అందుకే అవి లేచి ఆ ఎత్తే బలాన్ని తగ్గిస్తాయి. బరువంతా చక్రాల మీద పడితేనే బ్రేకులు గట్టిగా పట్టుకుంటాయి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, ఎండ. మే నెలలో వేడెక్కిన గాలి పలచబడుతుంది, నేల విడవడానికి ఇంకా వేగం, ఇంకా రన్‌వే కావాలి. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినా, నిజాం కాలం నాటి ఆ రన్‌వేను పొడిగిస్తేనే పెద్ద విమానాలు వస్తాయనడానికి ఇదీ ఒక కారణం.