‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమాలో చూపించినవన్నీ నిజంగానే జరిగాయా?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ‘క్వీన్’, దాని గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీల కథ ఇది. చాలామటుకు జరిగాయి, కానీ చూపించిన వరసలో జరగలేదు. నాకు కోపం తెప్పించేది ఆ వరసే.

2018లో మా అన్నయ్యతో కలిసి థియేటర్లో చూశాను. ఇద్దరం కొన్నేళ్లు ఆర్కెస్ట్రాలో వాయించినవాళ్లం, అన్నయ్య డ్రమ్స్, నేను కీబోర్డ్. చివర్లో లైవ్ ఎయిడ్ (ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో పెట్టిన కచేరీ) మొదలయ్యేసరికి నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఇంటికొచ్చాక నిద్ర పడితేనా! అన్నయ్య ల్యాప్‌టాప్ తెరిచి 1985 జులై 13 నాటి అసలు వీడియో పెట్టాడు. పియానో మీద పెప్సీ గ్లాసులు, తెల్ల బనియను, కుడి దండకి కట్టుకున్న పట్టీ, చేతిలో సగం మైక్ స్టాండ్, అన్నీ సినిమాలో చూసినవే. సినిమా కోసం ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో వెంబ్లీ స్టేజి మళ్లీ కట్టి, షూటింగే ఈ సీన్‌తో మొదలుపెట్టారు. ఫ్రెడీగా వేసిన రామీ మాలెక్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు.

ఆ తర్వాత ఫ్రెడీ “ఏ... ఓ...” అని సాగదీసే చోటు వచ్చింది. ఆయన ఒక మెలిక తిప్పి వదిలితే డెబ్భై వేల మంది దాన్ని అలాగే అంటారు, ఆయన ఇంకో మెలిక వేస్తాడు. అన్నయ్య అక్కడ ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ ఆపి, “ఆ మొహం చూడరా, రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి మొహంలా ఉందా?” అన్నాడు. లేదు. ఆటలో గెలుస్తున్న పిల్లాడి మొహంలా ఉంది.

సినిమాలో మాత్రం కచేరీకి ముందే తనకి ఎయిడ్స్ అని తోటివాళ్లకి చెప్పేస్తాడు. ఆయన దగ్గరివాళ్లు చెప్పిన ప్రకారం ఆ జబ్బు బయటపడింది 1987లో, అంటే కచేరీ అయ్యాక రెండేళ్లకి. పైగా బ్యాండ్ విడిపోయి మళ్లీ కలిసినట్టు చూపించారు, అదీ నిజం కాదు. 1984లో ఆల్బమ్ తెచ్చారు, 1985 మే దాకా ఊళ్లు తిరుగుతూ కచేరీలు చేశారు, లైవ్ ఎయిడ్ కోసం లండన్లో ప్రత్యేకంగా రిహార్సల్స్ కూడా వేసుకున్నారు. స్టేజి ఎక్కనివాళ్లు బాధ ఉంటే పాట బాగా వస్తుందనుకుంటారు. రాదండీ. చెయ్యి తిరిగి ఉంటే వస్తుంది. ఆ ఇరవై నిమిషాలు వాళ్ల పదిహేనేళ్ల చాకిరీ, దాన్ని జబ్బు ఖాతాలో రాసేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సోలో ఆల్బమ్ ఒప్పుకున్నందుకు ఫ్రెడీ ఏదో ద్రోహం చేసినట్టు కూడా చూపించారు. డ్రమ్మర్ రోజర్ టేలర్ 1981లోనే సొంత ఆల్బమ్ వేసుకున్నాడు, మరి అది ద్రోహం కాదా?

అన్నిటికంటే నాకు లోటుగా అనిపించింది మహారాష్ట్రలోని పంచగని. ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో పుట్టిన ఫరోఖ్ బల్సారా (ఫ్రెడీ అసలు పేరు అదే) అనే పార్సీ పిల్లాడు ఎనిమిదేళ్ల వయసులో అంత దూరం నుంచి వచ్చి అక్కడి బోర్డింగ్ స్కూల్లో చేరాడు. పియానో నేర్చుకున్నది, మొదటి బ్యాండ్ ‘ది హెక్టిక్స్’ కట్టింది అక్కడే. ఆ సిగ్గరి కుర్రాడు స్టేజి మీద పులి ఎలా అయ్యాడో చెప్పడానికి అంతకంటే మంచి కథ ఏముంటుంది? దాన్ని వదిలేసి రికార్డు కంపెనీ ఆఫీసులో వాదనలకి అంతంత సేపు ఇచ్చారు. ఎడిటింగ్‌కి ఆస్కార్ ఎలా ఇచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు, నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటున్నా క్షణానికో కట్.

అయినా చూడండి, మంచి సౌండ్ ఉన్నచోట చూడండి. చూసిన రాత్రే అసలు కచేరీ కూడా మొత్తం చూడండి. థియేటర్ ప్రింట్‌లో తీసేసిన రెండు పాటలు అందులో ఉన్నాయి, వాటిలో ఒకదానికి ఫ్రెడీ స్వయంగా గిటార్ తగిలించుకుని వస్తాడు.