అమెరికాలో ఐదేళ్ల న్యూట్రిషన్ కోర్సు: ఆ మిగిలే ఏడాది నిజంగా మిగులుతుందా?

చిత్తూరు నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ల పాప ఇంటర్ బైపీసీ పాసైంది, నీట్ రెండుసార్లు రాసింది, సీటొచ్చే ర్యాంకు రాలేదు. వాళ్లాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తారు, ఆమె ఇంట్లోనే బట్టలు కుడతారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో న్యూట్రిషనల్ సైన్సెస్‌లో బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ కలిపి ఐదేళ్లలో అయిపోయే కోర్సు ఉందని చెప్పారట. ఒక ఏడాది ఫీజు, టైము రెండూ మిగులుతాయని, చదువైన వెంటనే డైటీషియన్ ఉద్యోగం గ్యారంటీ అని, నెలాఖరులోపు అడ్వాన్స్ కట్టాలని కూడా అన్నారట. బంగారుపాళ్యం దగ్గరున్న రెండెకరాల తోట బ్యాంకులో పెట్టి లోన్ తీసుకోమంటారా, లేకపోతే ఇక్కడే దూరవిద్యలో ఏదైనా చేయించమంటారా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, తోట కాగితాలు ఇప్పుడే బ్యాంకుకు తీసుకెళ్లకండి. అడ్వాన్స్ కూడా కట్టకండి. కోర్సు మంచిది కాదని నేననడం లేదు. నిజంగానే ఉంది, మంచి యూనివర్సిటీలే నడుపుతున్నాయి, సరైన పిల్లకు సరైన టైములో బాగా పనికొస్తుంది కూడా. కానీ మీకు చెప్పిన మాటల్లో మూడు విషయాలు సగం సగమే చెప్పారు, ఆ మిగతా సగం తెలియకుండా మీరు సంతకం పెట్టకూడదు.

మొదట ఆ మిగిలే ఏడాది సంగతి. అమెరికాలో బ్యాచిలర్స్ నాలుగేళ్లు, మామూలుగా 120 క్రెడిట్లు, అంటే ఒక్కో పేపరుకు ఇన్ని అని లెక్కకొచ్చే పాయింట్లు. మాస్టర్స్ రెండేళ్లు, దాదాపు 30 క్రెడిట్లు. విడివిడిగా చదివితే ఆరేళ్లు, 150 క్రెడిట్లు. కలిపి చదివే పద్ధతిలో ఏం చేస్తారంటే, నాలుగో ఏడు పిల్లలు చదివే మాస్టర్స్ స్థాయి పేపర్లు కొన్నింటిని, ఎక్కువగా 9 నుంచి 12 క్రెడిట్ల దాకా, రెండు డిగ్రీల్లోనూ లెక్కలోకి తీసుకుంటారు. అంటే 150 కాస్తా 138కో 141కో దిగుతుంది, ఆరేళ్లది ఐదేళ్లకు వస్తుంది. చదువు తగ్గేదేమీ లేదు, ఒకే పేపరు రెండు చోట్ల లెక్కకొస్తుంది, అంతే.

ఇప్పుడు మన లెక్క చూడండి. ఇక్కడ బీఎస్సీ మూడేళ్లు, ఎంఎస్సీ రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు. కొత్త విధానంలో నాలుగేళ్ల ఆనర్స్ చేసి, ఏడాది పీజీ చేసే చోట కూడా ఐదేళ్లే. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ హోమ్ సైన్స్ విభాగంలో పీజీ ముగించుకుని గేటు దాటి బయటికొచ్చే ఆడపిల్ల కూడా ఇంటర్ తర్వాత ఐదేళ్లకే వస్తోంది. కన్సల్టెన్సీ వాళ్లు ఆదా అని చెప్పిన ఏడాది అమెరికా పిల్లలతో పోలిస్తే ఆదా, మన పిల్లలతో పోలిస్తే అందులో మిగిలేది ఏమీ లేదు. ఆ ఒక్క కారణంతో తోట తాకట్టు పెట్టేటట్టయితే మాత్రం వద్దమ్మా.

రెండోది, ఇది ఇంకా ముఖ్యం. మీ పాపకు మొదటి రోజే ఐదేళ్ల సీటు వస్తుందని మీరు అనుకుంటున్నట్టు మీ ఉత్తరం చదివితే అర్థమైంది. చాలా యూనివర్సిటీల్లో అలా ఉండదు. మొదట మామూలు బ్యాచిలర్స్‌లో చేరతారు. మూడో ఏడులో, జీపీఏ, అంటే 4కి లెక్కేసే మార్కుల సగటు, 3.0కో అంతకంటే పైనో ఉంటే, అప్పుడు మాస్టర్స్ కలిపి చదవడానికి అప్లై చేసుకోవాలి. ఈలోపు ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ అన్నీ దాటాలి. న్యూట్రిషన్ అంటే ఏవో వంటల చదువు అనుకుని చేరిన పిల్లలకు జీపీఏ పడిపోయేది సరిగ్గా ఈ పేపర్లలోనే. పాపకు కెమిస్ట్రీ అంటే టెన్షన్ అని మీరే రాశారు కదా. మూడో ఏడులో ఆ సీటు రాకపోతే చేతిలో బ్యాచిలర్స్ ఒక్కటే మిగులుతుంది, అప్పు మాత్రం మొత్తం ఉంటుంది. కాబట్టి కన్సల్టెన్సీ వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆఫర్ లెటర్‌లో రెండు డిగ్రీలూ ఉన్నాయా, ఒక్కటే ఉందా?

మూడోది ఉద్యోగం. అక్కడ ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేయాలంటే మామూలుగా రిజిస్టర్డ్ డైటీషియన్ అనే గుర్తింపు ఉండాలి, దానికి పరీక్ష ఉంటుంది. 2024 జనవరి 1 నుంచి ఆ పరీక్ష రాయడానికి మాస్టర్స్ తప్పనిసరి చేశారు, అంతకుముందు బ్యాచిలర్స్ సరిపోయేది. రెండు డిగ్రీలు కలిపి చదివే కోర్సుల మీద అక్కడి పిల్లలకు ఆసక్తి కలగడానికి ఇదొక పెద్ద కారణం. కానీ మాస్టర్స్ ఉంటే చాలదు. ఏసెండ్ అనే సంస్థ గుర్తించిన కోర్సు చదివి ఉండాలి, దాంతోపాటు ఆసుపత్రుల్లో, కమ్యూనిటీ సెంటర్లలో, పెద్ద వంటశాలల్లో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కనీసం 1,000 గంటల ప్రాక్టీస్ చేసి ఉండాలి. ఈ వెయ్యి గంటలు అన్ని ఐదేళ్ల కోర్సుల్లో కలిసి ఉండవు. పేరులో న్యూట్రిషనల్ సైన్సెస్ అని ఉన్నవి చాలావరకు సైన్సు, పరిశోధన వైపు నడిచే కోర్సులు. వాటిలో డిగ్రీ పట్టుకుని బయటికొచ్చాక ఇంటర్న్‌షిప్‌కు వేరుగా అప్లై చేసి, చాలా చోట్ల వేరే ఫీజు కట్టి, ఇంకో ఎనిమిది నెలలో ఏడాదో చేయాల్సి వస్తుంది. అప్పుడు ఐదేళ్లు కాస్తా ఆరేళ్లు.

ఇక్కడ వీసా మెలిక ఒకటుంది, ఇది నన్ను అడిగిన తల్లిదండ్రుల్లో దాదాపు ఎవరికీ ముందు తెలిసి ఉండదు. అమెరికాలో ప్రతి కోర్సుకూ ఒక సీఐపీ కోడ్ ఉంటుంది. న్యూట్రిషన్ సైన్సెస్ కోడ్ 30.1901, అది స్టెమ్ జాబితాలో, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల జాబితాలో ఉంది కాబట్టి చదువయ్యాక ఏడాది ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకునే అనుమతి, దాని మీద ఇంకో రెండేళ్ల పొడిగింపు, మొత్తం మూడేళ్లు పనిచేసుకోవచ్చు. డైటెటిక్స్ కోడ్ 51.3101, అది ఆ జాబితాలో లేదు, ఓపీటీ ఏడాదితో సరి. అంటే డైటీషియన్ గుర్తింపు వైపు నేరుగా తీసుకెళ్లే కోర్సులో పనిచేసే గడువు తక్కువ కావచ్చు, గడువు ఎక్కువున్న కోర్సులో గుర్తింపు నేరుగా రాకపోవచ్చు. రెండూ కుదిరే ప్రోగ్రాములూ ఉంటాయి, కాకపోతే కోడ్ ఏమిటో యూనివర్సిటీ చేతనే రాయించుకోవాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

జీతం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2024 మేలో డైటీషియన్ల మధ్యస్థ జీతం ఏడాదికి 73,850 డాలర్లు, అంటే సగంమందికి అంతకంటే తక్కువే. అందులో పన్ను, ఇంటద్దె పోవాలి. మన పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో తెచ్చుకునే జీతాన్ని మనసులో పెట్టుకుని ఐదేళ్ల అప్పు లెక్క వేసుకుంటే తప్పుతుంది. బ్యాచిలర్స్ నాలుగేళ్లకు విదేశీ పిల్లలకు స్కాలర్‌షిప్ దొరకడం కష్టం. రెండేళ్ల మాస్టర్స్‌లో ల్యాబులో పనిచేస్తూనో, క్లాసులకు సాయపడుతూనో ఫీజు తగ్గించుకునే అసిస్టెంట్‌షిప్ అవకాశం ఎంతో కొంత ఉంటుంది, హడావుడిగా ముగించే ఏడాది మాస్టర్స్‌లో అది తక్కువ. ఈ తేడా కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇంతవరకూ డబ్బు, రూల్స్. అసలు నేను మీ పాప గురించి మాట్లాడాలి. మీ ఉత్తరం రెండు పేజీలుంది, అందులో పాపకు ఈ చదువు ఎందుకిష్టమో ఒక్క లైను కూడా లేదు. నీట్ రాలేదు కాబట్టి ఏదో ఒకటి అన్నట్టుంది. అది నాకు బాధగా అనిపించింది, ఎందుకంటే ఇది మిగిలిపోయిన వాళ్ల కోసం పెట్టిన చదువు కాదు.

పోయిన ఏడాది ఇలాగే అయోమయంలో ఉన్న ఒక పాపను, తెలిసినవాళ్లను బతిమాలి, ఇక్కడ తిరుపతిలో ఒక డైటీషియన్ మేడం వెంట పది రోజులు తిప్పాను. మూడో రోజు డయాలసిస్ చేయించుకునే ఒకాయన వచ్చారు, మదనపల్లె వైపు టమాటా రైతు. కిడ్నీ పనిచేయనప్పుడు రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం, అందుకని టమాటా, కొబ్బరినీళ్లు తగ్గించాలి. ఆయన భార్య "టమాటా లేకుండా రసం ఎట్ల చేసేది మేడం, మా ఇంట్లో ఉండేదే టమాటా" అని అడిగింది. మేడం చార్టు పక్కన పెట్టేసి, ఇంట్లో ఏ పూట ఏం వండుతారో ఆమె చేతనే వరసగా చెప్పించింది. సంగటి ఎంత ముద్ద, పప్పులో ఏ ఆకు, చెనక్కాయ చట్నీ రోజూనా. తర్వాత కూరగాయలు చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి, ఆ నీళ్లు వంపేసి అప్పుడు తాలింపు వేసుకుంటే పొటాషియం ఎలా తగ్గుతుందో చెప్పింది. ఆమె వెళ్లేటప్పుడు "ఆ నీళ్లు పారబోయాల్నా, చారుకు వాడుకోకూడదా" అని మళ్లీ వెనక్కొచ్చి అడిగింది. ఆ పాప ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి అరగంట ఇదే చెప్పింది, కెమిస్ట్రీ పుస్తకంలో పొటాషియం అంటే ఒక గుర్తు మాత్రమే అనుకున్నాను సార్ అంది. ఇప్పుడు బీఎస్సీ మొదటి ఏడు చదువుతోంది.

మీ పాపకు కూడా ముందు అలాంటి పది రోజులు చూపించండి. చిత్తూరులోనో తిరుపతిలోనో ఏదైనా పెద్ద ఆసుపత్రిలో అడిగితే కాదనరు, కాదంటే ఇంకోచోట అడుగుదాం. వార్డు వాసన, పేషెంటు చిరాకు, రోజూ అదే షుగర్ చార్టు ముప్పై మందికి చెప్పడం, ఇవన్నీ చూశాక కూడా ఇష్టమంటే అప్పుడు మనకు గట్టి నేల దొరికినట్టు.

ఇష్టమంటే నేను చెప్పే దారి ఇది. బ్యాచిలర్స్ ఇక్కడే చేయించండి, న్యూట్రిషన్ ఉన్న బీఎస్సీలో, మూడేళ్లతో ఆపకుండా నాలుగో ఏడు ఆనర్స్ కూడా. నాలుగేళ్లు ఎందుకంటున్నానంటే కొన్ని విదేశీ యూనివర్సిటీలు మూడేళ్ల డిగ్రీని మాస్టర్స్‌కు ఒప్పుకోవు. ఆనర్స్ ఉంటే ఆ తలనొప్పి ఉండదు. ఆ నాలుగేళ్లలో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ పేపర్లు తప్పకుండా ఉండేలా చూసుకోవాలి. ఆ తర్వాత అమెరికానే కావాలనుకుంటే, వెయ్యి గంటల ప్రాక్టీస్ లోపలే కలిసి ఉన్న, ఏసెండ్ గుర్తింపు ఉన్న మాస్టర్స్‌కు అప్లై చేయొచ్చు, అది చాలావరకు రెండేళ్లు. మొత్తం ఆరేళ్లు, కానీ బయటికొచ్చేసరికి పరీక్ష రాసే అర్హత చేతిలో ఉంటుంది, అప్పు రెండేళ్లకే. ఐదేళ్ల కోర్సు చేసి, విడిగా ఇంటర్న్‌షిప్ చేసినా ఆరేళ్లే కదా. పైగా అప్పటికి పాపకు ఇరవై దాటుతుంది, తనకేం కావాలో తను చెప్పగలదు.

అమెరికా వద్దనుకున్నా దారులు మూసుకుపోవు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద ఒక చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎంఎస్సీ ఉంది. మన దేశంలో దొరికే 528 రకాల ఆహారాలను పరీక్షించి 2017లో పట్టికలు వేసింది వాళ్లే. నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని మనం ధైర్యంగా చెప్పగలుగుతున్నది ఆ పనివల్లే. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ మన దగ్గరా రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష పెడుతుంది. ఐసీడీఎస్‌లో అంగన్‌వాడీల మీద పర్యవేక్షణ ఉద్యోగాలకు హోమ్ సైన్స్, న్యూట్రిషన్ డిగ్రీలు పనికొస్తాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదట్లో జీతం తక్కువగానే ఉంటుంది, ఆ సంగతి దాచను.

దూరవిద్య గురించి అడిగారు, అది వద్దు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు కేంద్రం ఒక చట్టం తెచ్చింది, న్యూట్రిషన్ కూడా అందులోకి వస్తుంది. దాని ప్రకారం 2025 జూలై-ఆగస్టు నుంచి ఇలాంటి కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోకూడదని యూజీసీ చెప్పేసింది. ఎవరైనా ఇంకా చేర్చుకుంటాం అంటే డబ్బు కట్టకండి.

ఇంత చదివాక కూడా, డబ్బుకు మాకు ఇబ్బంది లేదు, పాపకూ ఇప్పుడే వెళ్లాలని గట్టిగా ఉంది అంటే నేను అడ్డు చెప్పను. ఆ కన్సల్టెన్సీకి ఒక మెయిల్ పెట్టండి. ఆఫర్‌లో రెండు డిగ్రీలూ ఉన్నాయా, మాస్టర్స్‌లోకి వెళ్లడానికి ఎంత జీపీఏ కావాలి, అది రాకపోతే ఏమవుతుంది, వెయ్యి గంటల ప్రాక్టీస్ ఫీజులో ఉందా లేదా, సీఐపీ కోడ్ ఎంత, ఇవన్నీ యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెప్పించమనండి. మెయిల్ పాప చేతే రాయించండి. జవాబు వచ్చిన రోజు నాకు పంపండి, మీ ముగ్గురూ ఫోన్ దగ్గర కూర్చోండి, లైను లైనుగా కలిసి చదువుదాం.