‘ప్రమాదకర జాతి’ అంటూ పెంపుడు కుక్కను పంపించేయమనవచ్చా?

సందేహం: హైదరాబాద్ మియాపూర్‌లో మాకు సొంత ఫ్లాటు ఉంది. రెండేళ్లుగా రాట్‌వీలర్ మగ కుక్కను పెంచుకుంటున్నాం. మా ఆరేళ్ల పాపకు అది బాగా మాలిమి. కేంద్ర ప్రభుత్వం 23 జాతుల కుక్కలను నిషేధించిందని, వాటిలో రాట్‌వీలర్ ఉందని, 15 రోజుల్లో దాన్ని బయటికి పంపాలని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తీర్మానం చేసి నోటీసు ఇచ్చింది. అప్పటిదాకా కుక్కను లిఫ్టులో ఎక్కించకూడదట. గత నెలలో లిఫ్టు తలుపు తెరుచుకోగానే అది పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి మీదికి దూకి గోళ్లతో చేయి గీరింది. సూది వేయించి, రెండు వేలు ఇచ్చి సర్దుకున్నాం. ఈ జాతి కుక్క పిల్లలున్న ఇంటికి పనికిరాదని మా అత్తగారు కూడా అంటున్నారు. చట్టం ఏమంటుంది? రేపు అది ఎవరినైనా కరిస్తే నా మీద కేసు పెట్టవచ్చా?

సమాధానం: మీరు కుక్క జాతి గురించి ఎక్కువగా, పాల అబ్బాయి గురించి తక్కువగా రాశారు. న్యాయవాదిగా నాకు ఆ రెండో విషయమే పెద్దదిగా కనిపిస్తోంది. అయితే ముందున్నది నోటీసు గడువు కాబట్టి మొదట దాని సంగతి చూద్దాం.

అసోసియేషన్ చెబుతున్న ‘నిషేధం’ పార్లమెంటు చేసిన చట్టం కాదు. కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ 2024 మార్చి 12న రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు రాసిన లేఖ అది. పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో, కేన్ కోర్సో వంటి 23 రకాల కుక్కల అమ్మకానికి, పెంపకానికి స్థానిక సంస్థలు లైసెన్సులు ఇవ్వకుండా చూడాలని అందులో కోరారు. ఆ జాబితాను తీరిగ్గా చదివితే తయారు చేసిన తొందర కూడా కనిపిస్తుంది. ఒకచోట ‘టోసా ఇను’ అనీ, మరోచోట ‘జపనీస్ టోసా’ అనీ ఒకే కుక్కను రెండుసార్లు రాశారు. టెర్రియర్లంటూ చిన్నా పెద్దా తేడా లేకుండా ఒక కుదురు కుదురునే చేర్చేశారు. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్ 10న కొట్టివేసింది. కుక్కల యజమానులు మొదలైన సంబంధితుల వాదన వినకుండా ఇటువంటి నిర్ణయం తీసుకోవడం చెల్లదన్నది ముఖ్య కారణం. దాదాపు ఇదే కారణంతో ఢిల్లీ హైకోర్టు కూడా అదే నెల 16న దాన్ని పక్కన పెట్టింది. అభ్యంతరాలు విని, పద్ధతి ప్రకారం కొత్త నిర్ణయం తీసుకునే స్వేచ్ఛను మాత్రం ప్రభుత్వానికి ఉంచింది. అందువల్ల ఆ లేఖను ఆధారం చేసుకుని ఇచ్చిన నోటీసుకు బలం లేదు. తమ దగ్గర వేరే ఉత్తర్వు ఉందని అసోసియేషన్ వారంటే దాని సంఖ్య, తేదీ తెలియజేయమని రాతపూర్వకంగా అడగండి.

ఆ లేఖ చెల్లుబాటులోనే ఉందని ఒక్క క్షణం అనుకున్నా, అది మీ కుక్కను బయటికి పంపమని చెప్పలేదు. అప్పటికే ఇళ్లలో పెరుగుతున్న ఈ జాతుల కుక్కలకు ఇకపై సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయించాలని మాత్రమే చెప్పింది. మీ నోటీసు రాసినవారు లేఖను చివరిదాకా చదివినట్టు లేరు.

ఇక అసోసియేషన్ అధికారం సంగతి. సర్వసభ్య సమావేశంలో ఎంత ఆధిక్యంతో ఆమోదించినా సరే, ఇంట్లో పెంపుడు జంతువును ఉంచుకోకుండా నిషేధించే తీర్మానం చేయకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో జారీ చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కుక్క జాతిని బట్టి గానీ పరిమాణాన్ని బట్టి గానీ ఆంక్ష పెట్టకూడదనీ, లిఫ్టు వాడకాన్ని అడ్డుకోకూడదనీ కూడా అవి సూచిస్తాయి. ఇవి మార్గదర్శకాలే కానీ శాసనం కాదని ఎదుటి పక్షం వాదిస్తుంది. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇటువంటి నిషేధ నిబంధనలు చెల్లవని కేరళ హైకోర్టు ధర్మాసనం 2021లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తెలంగాణ న్యాయస్థానాలు తప్పనిసరిగా పాటించవలసినది కాకపోయినా, వాటి ముందు గౌరవంగా ఉదహరించదగినది. మీరు సొంత ఫ్లాటులో ఉంటున్నారు కాబట్టి మీ స్థితి అద్దెదారు స్థితికన్నా మెరుగు. గడువు ముగిశాక బలవంతంగా కుక్కను తీసుకుపోవాలని చూసినా, నీళ్లూ కరెంటూ ఆపుతామని బెదిరించినా, సివిల్ కోర్టులో దావా వేసి తాత్కాలిక ఇంజంక్షన్ (అలా చేయకుండా ఆపే ఉత్తర్వు) కోరవచ్చు. కోపంతో ఎవరైనా కుక్కకు విషం పెట్టినా, దాని కాలు విరగ్గొట్టినా భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరమవుతుంది. అలాగే ఈ ఒత్తిడి భరించలేక మీరే దాన్ని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వదిలేసి రావడం కూడా నేరమే. తిండీ నీళ్లూ లేక బాధపడే పరిస్థితిలో జంతువును విడిచిపెట్టడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ శిక్షిస్తుంది. మొదటి తప్పుకు ఆ చట్టం విధించే జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే. నవ్వు వచ్చే మొత్తమే అయినా నేరం నేరమే.

ఇంతవరకు చట్టం మీ పక్షాన ఉంది. ఇక్కడి నుంచి కొంచెం జాగ్రత్తగా చదవండి.

భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌లో ఏ జాతి పేరూ లేదు. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ ప్రమాదం కలిగే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని నివారించడానికి తగిన చర్యలు తెలిసి గానీ నిర్లక్ష్యంగా గానీ తీసుకోకపోవడమే ఆ సెక్షన్ ప్రకారం నేరం. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కుక్క ఎవరినీ కరవకపోయినా ఈ నేరం పూర్తయినట్టే కావచ్చు. ‘స్వాధీనం’ అన్న మాట కూడా గమనించండి. ఉదయం కుక్కను తిప్పడానికి పనిమనిషి చేతికో, పదో తరగతి పిల్లవాడి చేతికో గొలుసు ఇచ్చి పంపితే, ఆపలేనివారి చేతికి అంత బరువున్న కుక్కను అప్పగించడమే మీ నిర్లక్ష్యమని వాదిస్తారు. గాయం కూడా అయితే 125వ సెక్షన్ తోడవుతుంది. ఆ గాయం తీవ్రమైనదైతే శిక్ష మూడేళ్ల వరకు వెళ్తుంది. ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు. వీటితో సంబంధం లేకుండా, వైద్య ఖర్చులకు, పోయిన జీతానికి, పడిన బాధకు నష్టపరిహారం కోరుతూ బాధితుడు సివిల్ దావా వేయవచ్చు.

ఇప్పుడు పాల అబ్బాయి విషయం. అది సర్దుబాటుతో ముగిసిందని మీరు అనుకుంటున్నారు. చట్టం దృష్టిలో ఆ రోజు నుంచి మీకు ఒక విషయం ‘తెలుసు’: లిఫ్టు తలుపు తెరుచుకుని కొత్త మనిషి ఎదురైతే మీ కుక్క దూకుతుందని. రేపు అదే లిఫ్టు దగ్గర మరొకరికి గాయమైతే, ఇలా జరుగుతుందని ఊహించలేదని మీరు చెప్పుకోలేరు. వాచ్‌మన్ సాక్ష్యం, అసోసియేషన్ ఫిర్యాదుల పుస్తకం, మీరు రెండు వేలు పంపిన ఫోన్ చెల్లింపు రికార్డు, ఇవన్నీ కోర్టు ముందుకు వస్తాయి. మరో మాట. గోరు గీరుకున్నా రేబిస్ టీకా అవసరమే, ఒక్క సూదితో అది పూర్తి కాదు. ఆ అబ్బాయి మిగిలిన డోసులన్నీ వేయించుకున్నాడో లేదో ఈ రోజే కనుక్కోండి, వేయించుకోకపోతే మీరే దగ్గరుండి వేయించండి.

కొన్నేళ్ల క్రితం నేను ఒక యజమాని తరఫున వాదించాను. కరిచింది రాట్‌వీలర్ కాదు, అందరూ పిల్లల కుక్క అని చెప్పే లాబ్రడార్. కరిపించుకున్నది వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడు. పోలీసుల పంచనామాలో కుక్క జాతి గురించి ఒక్క మాట ఉంది. గేటు గడియ గురించి అర పేజీ ఉంది. గడియ తుప్పు పట్టి రంధ్రంలోకి దిగడం లేదని, దాని బదులు కరెంటు తీగ ముక్క చుట్టారని, ఆ ముడి విప్పి ఉందని రాశారు. క్రాస్ పరీక్షలో నేను కుక్క ఎంత సాధువో చెప్పించాలని ఎంత ప్రయత్నించినా, మేజిస్ట్రేటుగారు మళ్లీ మళ్లీ ఆ తీగ ముక్క దగ్గరికే వచ్చారు.

మీ అత్తగారి మాటను తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని పూర్తిగా ఒప్పుకోనూ అక్కర్లేదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో వివరించగలిగేది దాదాపు 9 శాతమే. మిగతాది ఆ కుక్క తత్వం, పెంపకం, పరిసరాలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడి ప్రాణం తీసినవి ఏ జాబితాలోనూ లేని వీధి కుక్కలు. అయితే 2022 జులైలో లక్నోలో వృద్ధురాలిని చంపింది ఆమె కొడుకు పెంచుకుంటున్న పిట్‌బుల్. 2024 మే నెలలో చెన్నై పార్కులో అయిదేళ్ల పాపను తీవ్రంగా గాయపరిచినవి రెండు రాట్‌వీలర్లు. ఏ కుక్క కరుస్తుందో జాతి కచ్చితంగా చెప్పలేదు కానీ, కరిస్తే గాయం ఎంత లోతుగా దిగుతుందో చాలావరకు చెబుతుంది. పూర్వం జర్మనీలో పశువుల మందలను తోలడానికి, కాపలాకు పెంచిన రాట్‌వీలర్‌లో ఎదిగిన మగది 50 కిలోల దాకా తూగుతుంది. పొమరేనియన్ చేసే పొరపాటుకు కట్టు చాలు, అదే పొరపాటు ఇది చేస్తే ఆపరేషన్ థియేటర్ కావాలి. ‘తగిన చర్యలు’ అన్న మాటను కోర్టు కొలిచేది ఈ తూకంతోనే. కాబట్టి జాతి మీ హక్కును తగ్గించదు కానీ మీ బాధ్యతను పెంచుతుంది.

మీ పాపతో మాలిమిగా ఉండటం కొత్తవారితో ఎలా ఉంటుందనడానికి రుజువు కాదు. ఇంటివారిని కాచే స్వభావమే బయటివారి మీదికి ఉసిగొల్పుతుంది. పాప స్నేహితులు ఇంటికి వచ్చి కేకలు వేస్తూ పరుగెత్తే వేళ కుక్కను వేరే గదిలో ఉంచండి. అది తినేటప్పుడు పాపను దాని దగ్గర ఒంటరిగా వదలవద్దు. అనుభవమున్న శిక్షకుడికీ పశువైద్యుడికీ ఒకసారి చూపించి, వారి అభిప్రాయాన్ని కాగితం మీద తీసుకోండి. అది పాప భద్రతకూ పనికొస్తుంది, ఫైలుకూ పనికొస్తుంది.

నోటీసుకు గడువులోపే, స్పీడ్ పోస్టులో, మర్యాదైన భాషలో జవాబు ఇవ్వండి. దానికి రేబిస్ టీకా ధ్రువపత్రం, నగరపాలక సంస్థలో కుక్కను నమోదు చేయించిన లైసెన్సు, శస్త్రచికిత్స చేయించి ఉంటే ఆ పత్రం జత చేయండి. లైసెన్సు లేకపోతే జవాబు ఇచ్చేలోపే దరఖాస్తు చేయండి, ఎందుకంటే లైసెన్సు లేని కుక్క కోసం హక్కుల గురించి వాదించడం నాకే ఇబ్బందిగా ఉంటుంది. అదే జవాబులో మీ అంతట మీరే కొన్ని షరతులు ఒప్పుకోండి. కుక్కను పెద్దవారే తిప్పుతారనీ, పొట్టి గొలుసుతో పట్టుకుంటారనీ, లిఫ్టులో, మెట్ల మీద దాని మూతికి చిక్కం తొడుగుతారనీ, పాలవాళ్లూ పేపరువాళ్లూ వచ్చే ఉదయం 5 నుంచి 7 గంటల మధ్య దాన్ని బయటికి తీసుకురారనీ రాయండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే మీరు ఆగి తరువాత ఎక్కుతామనడం మీ హక్కును వదులుకోవడం కాదు. ఇలా రాసిచ్చాక అసోసియేషన్ మొండిగా ఉంటే, ఇంజంక్షన్ పిటిషన్‌కు మీరు జత చేసే మొదటి పత్రం ఆ జవాబే అవుతుంది. రాసిచ్చిన షరతు ఒక్క రోజు తప్పినా, అదే పత్రాన్ని ఎదుటి పక్షం న్యాయవాది మీకే చూపిస్తారు.