ఐదేళ్ల పిల్లలకి పొదుపు: మేం ఏడు చేపల కథతో మొదలుపెట్టాం

"మా పాపకి ఐదేళ్లు. ఏది చూసినా 'స్కాన్ చెయ్యి నాన్నా' అంటోంది. బొమ్మల పుస్తకాలతో పొదుపు నేర్పొచ్చంటున్నారు. నిజంగా పనిచేస్తుందా? ఏ పుస్తకాలు కొనాలి?" అని అడిగారు కదండీ. పనిచేస్తుంది. మా ఇంట్లో పనిచేసింది. కాకపోతే పుస్తకం చదివిన వారంలోనే పిల్ల చేతిలో నాలుగు రూపాయి బిళ్లలు కూడా ఉండాలి. లేకపోతే అది ఇంకో కథ అయిపోతుంది, అంతే.

మాది విశాఖపట్నం, మర్రిపాలెం. నేను యూకేజీ టీచర్ని. పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు, బాబుకి ఐదు. మీ పాప అన్న మాటే మా పాప కూడా అనేది. ఒక ఆదివారం ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ కొన్నాం. వాళ్ల నాన్న ఫోన్ చూపించగానే బండి మీదున్న డబ్బా "అరవై రూపాయలు వచ్చాయి" అని గట్టిగా చెప్పింది. పాప చప్పట్లు కొట్టి, "అమ్మా, మనకి అరవై రూపాయలొచ్చాయి! మొక్కజొన్న కూడా కొందాం" అంది. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాని లెక్కలో తప్పేముంది? డబ్బా వచ్చాయనే చెప్పింది. ఎవరికి వచ్చాయో చెప్పలేదు. మా చిన్నప్పుడు నాన్న జేబులోంచి నోటు తీయడం, షాపతను చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం, నెలాఖరుకి పర్సు పల్చబడటం అన్నీ కళ్లతో చూశాం. ఈ పిల్లలకి అదేమీ కనిపించట్లేదు. అందుకే బొమ్మల పుస్తకం ఇప్పుడు ఇంకా అవసరం అనిపిస్తుంది నాకు. డబ్బు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లడం కనీసం బొమ్మలోనైనా కనిపిస్తుంది.

మొదట నేను చేసిన పని, అందరూ చేసేదే. పొదుపు మంచిది, దుబారా చెడ్డది అని చెప్పే పుస్తకాలు తెచ్చాను. ఆ తర్వాత చీమ, మిడత కథ చెప్పాను. వానలో ఒంటరిగా నిలబడ్డ మిడత బొమ్మ చూసి పాప ఏడ్చేసింది. "చీమ తలుపు ఎందుకు తియ్యలేదు?" అని వారం రోజులు అదే ప్రశ్న. ఆ కథ మళ్లీ చెప్పలేదు నేను. దాచుకున్నవాళ్లు మంచివాళ్లు, ఖర్చుపెట్టినవాళ్లు చెడ్డవాళ్లు అనే మాట ఆ వయసులో నాటుకోవడం నాకు ఇష్టం లేదు. క్లాసులో కూడా చూస్తుంటాను. కొత్త పెన్సిల్ బాక్సు తెచ్చుకున్న పిల్లని పక్క పిల్ల "వేస్ట్ చేశావు" అంటే ఆ మొహం ఎలా వాడిపోతుందో.

దారి దొరికింది మాత్రం అనుకోకుండా. ఒక రాత్రి పడుకోబెడుతూ ఏడు చేపల కథ చెప్తున్నాను. రాజుగారికి ఏడుగురు కొడుకులు, వేటకెళ్లారు, ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు. పాప అక్కడే ఆపేసింది. "ఎందుకు ఎండబెట్టారు? అప్పుడే తినేయొచ్చు కదా?" మా అమ్మ దగ్గర ఎన్నిసార్లు విన్నానో ఆ కథ, ఒక్కసారి కూడా నాకు ఆ ప్రశ్న రాలేదు. ఒక చేప ఎందుకు ఎండలేదో అడుగుతాం గానీ, అసలు ఎందుకు ఎండబెట్టారో అడగం.

అది మార్చి నెల. ఆ ఆదివారం ఫిషింగ్ హార్బర్ వైపు తీసుకెళ్లాను. ఇసకలో వలలు పరిచి, వాటి మీద చిన్న చేపలు ఎండబోశారు. పాప ముక్కు మూసుకునే ఒక్కొక్క వరసా చూసింది. చేపలు తిరగేస్తున్న ఒక పెద్దావిడని తనే అడిగింది, ఎందుకు ఎండబెడుతున్నారని. "ఏప్రిల్ పదిహేను నుంచి పడవలు ఎళ్లవు కదమ్మా. అప్పుడు ఏం తింటాం? ఇప్పుడు ఎండెట్టుకుంటే అప్పుడు కూరకొస్తాయి" అందావిడ. మీకు తెలిసే ఉంటుంది, మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో పాప ఒక మాట అంది: "అంటే అవి రేపటి చేపలా?" పొదుపు అనే మాట మా ఇంట్లో ఆ రోజుతో పోయింది. రేపటి చేప అనే అంటాం.

ఆ రాత్రే మేం సొంతంగా ఒక పుస్తకం మొదలుపెట్టాం. పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు, ఎనిమిది పేజీలు, మధ్యలో దారంతో కుట్టాను. మొదటి పేజీలో పాపకి కావాల్సిన వస్తువు. జగదాంబ దగ్గర ఒక షాపులో చూసిన ఏటికొప్పాక బొంగరం, ఎరుపు, పసుపు లక్క రంగులది. అంకుడు కర్రతో చేస్తారని, రంగులు చెట్ల నుంచీ గింజల నుంచీ తీస్తారని షాపాయన చెప్పాడట, అదీ రాయమంది. రెండో పేజీలో ఖాళీ గాజు సీసా. తర్వాతి పేజీల్లో అదే సీసా, ప్రతిసారీ కొంచెం కొంచెం నిండుతూ. ఆఖరి పేజీలో బొంగరం తిరుగుతూ ఉంటుంది.

ఆ ఆఖరి పేజీ గురించి గట్టిగా చెప్పాలనుంది. షాపులో పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు చివరి పేజీ చూడండి. దాచుకున్న పిల్ల చివరికి అది కొనుక్కుందా లేదా? హుండీ నిండింది, అందరూ మెచ్చుకున్నారు అని ముగిసే పుస్తకం నేను కొనను. ఐదేళ్ల పిల్లకి మెప్పు కోసం దాచడం అర్థం కాదు, బొంగరం కోసం దాచడం అర్థమవుతుంది. ఇంకోటి, కావాల్సిన వస్తువు కనీసం మూడు నాలుగు పేజీల్లో మళ్లీ మళ్లీ కనిపించాలి. పేజీ తిప్పడమే పిల్లలకి ఎదురుచూడటం. పుస్తకం కొంటే అట్ట మీద పొదుపు అనే మాట ఉందా అని వెతక్కండి.

పుస్తకాలు ఎక్కడ అంటే, కొనక్కర్లేకుండానే చాలా ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే సైట్లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. నాలుగు స్థాయిలుగా పెట్టారు. మీ పాపకి ఒకటి, రెండు స్థాయిలు సరిపోతాయి. సంత, దుకాణం, పుట్టినరోజు, గాలిపటం లాంటి మాటలతో వెతకండి. కొనాలంటే మంచి పుస్తకం, తూలికా, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల తెలుగు పుస్తకాలు చూడండి. ఫోన్లో కాకుండా కాగితం మీదే చదవండి దయచేసి. అసలు ఇబ్బందే ఫోన్‌తో వచ్చింది కదా.

ఇక సీసా. మా అత్తయ్య మట్టి డిబ్బీ కొనిచ్చారు. చాలా ప్రేమగా తెచ్చారు, కానీ అందులో వేసిన బిళ్ల మళ్లీ కనిపించదు. పాప రెండు రోజులు వేసి, మూడో రోజు "పోయింది" అంది. పెద్దయ్యాక డిబ్బీ బావుంటుంది, పగలగొట్టే రోజు పండగే. ఐదేళ్లకి మాత్రం గాజు సీసా. దాని మీద కాగితం ముక్క అంటించి, బిళ్లలు ఎంతవరకు రావాలో గీత గీయండి. ఒకే రకం బిళ్లలు ఇవ్వండి. నేను ఒకసారి ఐదు రూపాయి బిళ్లలు తీసుకుని ఒక ఐదు రూపాయల బిళ్ల ఇస్తే, "నాలుగు తీసేసుకున్నావు" అని గుక్కపట్టి ఏడ్చింది. ఆ వయసులో ఎన్ని ఉన్నాయన్నదే లెక్క, ఎంత విలువ అన్నది తర్వాత వస్తుంది. మా బాబుకేమో పన్నెండు అంచుల ఇరవై రూపాయల బిళ్ల దొరికితే చాలు, అంచులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. ఖర్చు మాటే ఎత్తడు.

బొంగరం 140 రూపాయలు. రోజుకి ఐదు చొప్పున 28 రోజులు అవుతుందని లెక్కేశాను. అది నా పొరపాటు. రెండో వారానికే పాప సీసా వైపు చూడటం మానేసింది. అప్పటినుంచి పది రోజుల్లో అందే వస్తువులే పెట్టుకున్నాం. ఆ ఒక్కసారికి మిగతాది వాళ్ల నాన్న కలిపాడు. బొంగరం డబ్బు మాత్రం తనే లెక్కపెట్టి షాపాయన చేతిలో పోసింది. ఆయన ఓపిగ్గా మళ్లీ లెక్కపెట్టుకున్నారు, పాప కూడా ఆయనతోపాటు పైకి లెక్కపెట్టింది. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మధ్యలో ఒక మాట. సింహాచలం వెళ్లినప్పుడు హుండీ చూసి, "స్వామి ఏం కొనుక్కోవడానికి దాచుకుంటున్నారు?" అని అడిగింది. నేను తడబడ్డాను. పక్కనున్న ఒక తాతగారు "అన్నం వండి మనందరికీ పెట్టడానికమ్మా" అన్నారు. ఇంటికొచ్చాక తనే రెండో సీసా అడిగింది. అందులో వేసింది వేరేవాళ్ల కోసం. నేను నేర్పలేదది.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. ఒకరోజు పొద్దున స్కూలుకి లేటయింది, ఆటో అతను స్కాన్ లేదన్నాడు, చేతిలో చిల్లర లేదు. సీసాలోంచి నలభై రూపాయలు తీసుకున్నాను. సాయంత్రం పెట్టేద్దామనుకుని మర్చిపోయాను. పాపకి చెప్పలేదు. మర్నాడు సీసాలో బిళ్లలు గీతకి ఎంత కిందకి పడిపోయాయో చూసింది. అరవలేదు. ఏడు చేపల కథలోలాగే ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. "తమ్ముడూ తమ్ముడూ, ఎందుకు తీశావు?" వాడు తీయలేదన్నాడు. "నాన్నా నాన్నా, ఎందుకు తీశావు?" ఆయన కాదన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పెగల్లేదు. తీశానని చెప్పాను. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

నలభై పెట్టేశాను, క్షమించమని అడిగాను. అయినా పది రోజులపాటు సీసాలో ఏమీ వేయలేదు. ఇచ్చిన ఐదు రూపాయలు ఆ రోజే చాక్లెట్‌కి ఖర్చుపెట్టేసేది. నేను ఏమీ అనలేకపోయాను. దాచుకున్నది దాచిన చోట ఉంటుందన్న నమ్మకం లేకపోతే ఎవరు మాత్రం దాస్తారు? మన ఇళ్లలో పిల్లలకి బంధువులు ఇచ్చిన నోట్లు "నేను దాస్తాలే" అని తీసుకుని కూరగాయలకి వాడేస్తాం. దయచేసి మీరు అలా చేయకండి. తప్పనిసరైతే అడిగి తీసుకోండి, ఎప్పుడిస్తారో చెప్పండి, ఆ రోజుకి ఇవ్వండి.

పదకొండో రోజు మా క్యాలెండరు పుస్తకానికి రెండు పేజీలు కలిపి కుట్టాను. ఒకదాంట్లో నేను సీసాలో చెయ్యి పెట్టినట్టు గీశాను. రెండోదాన్ని పాప గీసింది: పెద్ద చీమ, సీసా పక్కన కాపలా. ఆ సాయంత్రం బిళ్ల వేసింది.

బ్యాంకు ఖాతా గురించి ఇప్పుడే టెన్షన్ వద్దండి. మీరు గార్డియన్‌గా ఉండి ఎప్పుడైనా తెరవొచ్చు. పదేళ్లు నిండిన పిల్లలు తామే సొంతంగా ఖాతా నడుపుకోవడానికి పోస్టాఫీసులో వీలుంది. బ్యాంకులు కూడా అలా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ 2025లో చెప్పింది. మీ పాపకి ఇంకా అయిదేళ్ల సమయం ఉంది.

నిన్న రాత్రి పాప ఆ పుస్తకం తమ్ముడికి చదివి వినిపిస్తోంది. నా చెయ్యి ఉన్న పేజీ దగ్గర వాడు ఆపాడు. "అమ్మ తిరిగిచ్చిందా?" అన్నాడు.

"ఇచ్చింది" అంది పాప, పేజీ తిప్పుతూ.